టెండరు విలువ వేరు, నీళ్ళ ఖరీదు వేరు

హంద్రీ-నీవా గురించి మా పడమటి మండలాల్లో ఎక్కడ వాదన జరిగినా రెండే రెండు ప్రశ్నలు వినబడతాయి. మొదటిది "ఎవరు తెచ్చారు?" రెండోది "ఎవరు తిన్నారు?". మదనపల్లె బస్టాండు ఎదురుగా టీ కొట్టు కానీండి, పుంగనూరులో పెళ్ళి భోజనాల బంతి కానీండి, కుప్పం నుంచి బెంగుళూరు వచ్చే రైలు కానీండి, ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు. మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని అడిగేవాళ్ళు నాకింతవరకూ పెద్దగా తగల్లేదు. "మా చెరువులోకి వచ్చే ప్రతి వెయ్యి లీటర్ల నీళ్ళకీ ఎంత ఖర్చవుతోంది? వచ్చే ఇరవై ఏళ్ళూ అది ఎవరు కడతారు?"

ముందే చెప్పేస్తున్నా. నేను ఇరిగేషన్ ఇంజనీర్ని కాను. మాది పుంగనూరు పక్కన పల్లె, చదివింది ఇంజనీరింగే గానీ బతుకు బెంగుళూరులో కోడు రాసుకుంటూ. మా పనిలో సగం రోజులు "ఇది ఎన్నాళ్ళు పడుతుంది, ఎంతవుతుంది?" అన్న ప్రశ్నకి సమాధానం వెతకడంతోనే గడుస్తాయి. పెద్ద వ్యవస్థల్ని డిజైను చేసి, వాటికి ఖరీదు కట్టే పద్ధతులు సాఫ్ట్‌వేరుకి వేరుగా, కాలవలకి వేరుగా ఏమీ ఉండవని నా నమ్మకం. అందుకే ఈ టపా. ఏ పార్టీకీ ఓటెయ్యమని చెప్పడానికి కాదు.

లెక్కలోకి దిగే ముందు ప్రాజెక్టు సంగతి కాస్త. హంద్రీ కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే ఏరు, నీవా చిత్తూరు పక్కన పారే ఏరు. ఈ రెండింటి మధ్య ఉన్న కరువు నేలంతటికీ కృష్ణ వరద నీళ్ళు ఇవ్వాలన్నది ఆలోచన. శ్రీశైలం జలాశయం నీళ్ళని మాల్యాల దగ్గర పంపులతో ఎత్తి, కాలవలో పారించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ పారించి అనంతపురం, కడప, చిత్తూరు పాత జిల్లాల దాకా తేవాలి. కాగితం మీద 40 టీఎంసీలు, 6 లక్షల 2 వేల 500 ఎకరాలు. మొదటి దశ నీళ్ళు 2012లో జీడిపల్లి రిజర్వాయరు చేరాయి. రెండో దశలో ప్రధాన కాలవ నుంచి పుంగనూరు బ్రాంచి కాలవ, దాని చివర్నుంచి కుప్పం బ్రాంచి కాలవ. 2024 ఫిబ్రవరి 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రామకుప్పం మండలంలో నీళ్ళు వదిలారు. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి చంద్రబాబు కుప్పం దగ్గర పరమసముద్రం చెరువులో జలహారతి ఇచ్చారు. ఘనత మాదంటే మాదని ఇద్దరి మనుషులూ కొట్టుకున్నారు. ఆ గొడవ వాళ్ళకే వదిలేద్దాం. మొత్తానికి నీళ్ళు సుమారు 700 కిలోమీటర్లు ప్రయాణం చేసి మన దాకా వచ్చాయి. ఇంజనీరింగ్ పరంగా ఇది చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

ఇప్పుడు లెక్కలు.

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనమీటర్లు. అన్ని నీళ్ళని ఒక్క మీటరు పైకెత్తడానికి ఎంత కరెంటు కావాలి? ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే చాలు. బరువుని ఎత్తుతో, గురుత్వ త్వరణంతో గుణిస్తే సుమారు 77 వేల యూనిట్లు వస్తాయి. పంపు, మోటారు, పైపుల్లో పోయేది తీసేసి మొత్తం సామర్థ్యం 75 శాతం అనుకుంటే లక్ష యూనిట్ల పైన కొంచెం. అంటే ఒక టీఎంసీ, ఒక మీటరు, ఒక లక్ష యూనిట్లు. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే ఏ ఎత్తిపోతల పథకం గురించి ఎవరేం చెప్పినా బస్సులో కూర్చుని లెక్క వేసుకోవచ్చు.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. మదనపల్లె సముద్రమట్టానికి 695 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్ళు శ్రీశైలంలో నిండుగా ఉన్నరోజే తీసుకున్నాం అనుకున్నా తేడా 425 మీటర్లు. మట్టం తగ్గితే ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి 430 అనుకుందాం. దీనికి ఇంకో మెలిక. కాలవలో నీళ్ళు పారాలంటే వాలు ఉండాలి. పదివేల మీటర్లకి ఒక మీటరు వాలు పెట్టారనుకుంటే, 500 కిలోమీటర్ల కాలవలో 50 మీటర్ల ఎత్తు అలా కరిగిపోతుంది. కష్టపడి ఎత్తినదాన్ని కాలవే కిందికి దించేస్తే మళ్ళీ ఎత్తాలి. వాలు తగ్గిద్దామా అంటే నీళ్ళు నెమ్మదిస్తాయి, కాలవ వెడల్పు చెయ్యాలి, మట్టి పని పెరుగుతుంది, భూసేకరణ పెరుగుతుంది. డిజైను, ఖరీదు రెండూ వేరు వేరు గదుల్లో కూర్చుని చేసే పనులు కావు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వాలు అనే ఒక్క అంకె మారిస్తే ఇవాళ్టి కట్టుబడి ఖర్చూ, రేపటి కరెంటు బిల్లూ ఒకటి పైకి, ఒకటి కిందికి కదులుతాయి.

430కి 50 కలిపితే 480 మీటర్లు. అంటే టీఎంసీకి 4.8 కోట్ల యూనిట్లు. దారిలో ఇంకుడూ, ఆవిరీ కలిపి 30 శాతం పోతాయనుకుందాం (ఇది నా ఊహ, మీరు వేరే అంకె పెట్టుకోండి). అప్పుడు చివర్లో ఒక టీఎంసీ దక్కాలంటే మొదట్లో 1.43 టీఎంసీ ఎత్తాలి. నష్టం దారి పొడుగునా సమంగా పోతుందనుకుంటే కరెంటు సుమారు 5.8 కోట్ల యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకుంటే 35 కోట్లు. దీన్ని 2.83 కోట్ల ఘనమీటర్లతో భాగిస్తే వెయ్యి లీటర్లకి 12 రూపాయల పైచిలుకు.

ఇది ఒక్క కరెంటు ఖర్చే సుమా. కట్టుబడికి పెట్టిన డబ్బు, దాని మీద వడ్డీ, పంపుల రిపేర్లు, సిబ్బంది జీతాలు ఇందులో లేవు.

పన్నెండు రూపాయలు ఎక్కువా తక్కువా? దేనికి వాడుకుంటామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎకరం వరికి సుమారు 4,700 ఘనమీటర్లు పడుతుంది (ఒక టీఎంసీకి 6 వేల ఎకరాల వరి అన్న పాత లెక్క ప్రకారం). అంటే ఒక్క ఎకరం వరికి ఒక్క కారుకి కరెంటు ఖర్చే 58 వేల రూపాయలు! ఆ ఎకరంలో పండిన వడ్లన్నీ అమ్మినా గిట్టదు. అదే డ్రిప్పు కింద టమాటాకో, పశుగ్రాసానికో, మామిడి మొక్క బతకడానికో అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. తాగునీళ్ళకైతే అడగనే అక్కర్లేదు. వేసవిలో 5 వేల లీటర్ల ట్యాంకరుకి 500 ఇచ్చామనుకోండి, వెయ్యి లీటర్లకి 100 రూపాయలైంది. దాని ముందు పన్నెండెంత?

కాబట్టి ఈ కాలవ డబ్బు దండగ అనేవాళ్ళూ, ఇది రాగానే మా సీమ కోనసీమ అయిపోతుంది అనేవాళ్ళూ ఇద్దరూ లెక్క చెయ్యలేదని నా అభిప్రాయం. కుప్పం బ్రాంచి కాలవ లక్ష్యంగా ప్రకటించింది 110 చెరువులు, 6,300 ఎకరాలు, 4.02 లక్షల మందికి తాగునీళ్ళు. మనిషికి రోజుకి 100 లీటర్లు వేసుకున్నా 4.02 లక్షల మందికి ఏడాదికి అర టీఎంసీ చాలు. ఆ కాలవ సామర్థ్యం 216 క్యూసెక్కులు, 120 రోజులు నిండుగా పారితే 2.2 టీఎంసీ. కాగితం మీద డిజైను సబబుగానే ఉంది.

"120 రోజులు నిండుగా పారితే". అసలు కథంతా ఈ "తే" లోనే ఉంది :-)

3,850 క్యూసెక్కులని 120 రోజులతో గుణించి చూడండి, సరిగ్గా 40 టీఎంసీ వస్తుంది. ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క గుణకారం మీద నిలబడి ఉంది. కృష్ణకి వరద 120 రోజులు రావాలి, ఆ 120 రోజులూ అన్ని పంపులూ తిరగాలి, కాలవ అన్ని చోట్లా 3,850 మొయ్యాలి. 60 రోజులే వరదొస్తే 20 టీఎంసీ. కాలవ సగమే మోస్తే అందులోనూ సగం. 2025లో మొదటి దశ కాలవని వెడల్పు చెయ్యాల్సి వచ్చిందంటే, అంతకుముందు అది ఆ మేరకి మొయ్యలేదనే కదా అర్థం.

ఇక పంపుల సంగతి. మా సర్వర్ల భాషలో చెప్తాను. వరసగా ఒకదాని తర్వాత ఒకటి 20 మెట్లు ఉన్నాయనుకోండి. ఒక్కో మెట్టు నూటికి 97 రోజులు పనిచేస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? 97 మార్కులొచ్చిన పిల్లాణ్ణి ఎవరూ తిట్టరు. కానీ 20 మెట్లూ ఒకేసారి పనిచేసే రోజులు ఎన్ని? 0.97ని ఇరవైసార్లు గుణిస్తే 0.54. అంటే 120 రోజుల్లో 65 రోజులే. ఒక్కో మెట్టుని 97 నుంచి 99కి తెస్తే ఆ 65 కాస్తా 98 రోజులవుతుంది. మొదటి మెట్టు దగ్గర ఉన్నవాడికి 97కీ 99కీ తేడా కనబడదు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఉన్న కుప్పం వాడికి అది 33 రోజుల నీళ్ళు.

నిజంలో ఇంత ఘోరం కాదు. ఒక్కో పంపుహౌసులో ఒకటికి మించి పంపులుంటాయి, ఒకటి చెడితే మిగతావి నడుస్తాయి. మధ్యలో జీడిపల్లి, గొల్లపల్లి, చెర్లోపల్లి లాంటి రిజర్వాయర్లున్నాయి. పైన పంపు ఆగినా కింద వాటికి కొన్నాళ్ళు నీళ్ళుంటాయి. మేము రెండు ప్రోగ్రాముల మధ్య క్యూ పెట్టినట్టే. అంచేత రిజర్వాయర్ల విలువ వాటి కింద సాగయ్యే ఎకరాలతో కొలవకూడదు, చివరి మెట్టుకి అదనంగా తెచ్చిన రోజులతో కొలవాలి. అలా కొలిస్తే విడి పంపులూ, స్పేరు మోటార్లూ, జీతం సరిగ్గా అందే ఆపరేటరూ ఎంత చవకో తెలుస్తుంది. కానీ శిలాఫలకం స్పేరు మోటారుకి వెయ్యరు కదా!

ఇప్పుడు ఎస్టిమేటు పద్ధతుల దగ్గరకొద్దాం. మన ప్రభుత్వ శాఖల్లో అంచనా ఎలా వేస్తారంటే, ఏ పని ఎన్ని ఘనమీటర్లో రాసుకుని, ప్రామాణిక రేట్ల పట్టికలో రేటు చూసి గుణించి, కూడతారు. మట్టి తవ్వకం ఇంత, కాంక్రీటు ఇంత, స్టీలు ఇంత. దీన్ని కింది నుంచి పైకి కట్టే అంచనా అంటారు. ఇందులో తప్పులేదు. కానీ ఒక స్వభావ దోషం ఉంది. పట్టికలో లేనిది కూడికలోకి రాదు. రాయి తగులుతుందని, రైల్వే లైను దాటడానికి రెండేళ్ళు పడుతుందని, ఫలానా ఊరి రైతులు పరిహారం చాలలేదని కోర్టుకెళ్తారని, ఏ పట్టికలోనూ రేటు ఉండదు. మనవాళ్ళు ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నది దీని గురించే. మేస్త్రి చెప్పిన లెక్కలో అబద్ధం ఉండదు, చెప్పనిది ఉంటుంది.

రెండో పద్ధతి, బయటి నుంచి చూసే పద్ధతి. మన ప్రాజెక్టు వివరాలన్నీ కాసేపు పక్కనపెట్టి, ఇలాంటివే ఇదివరకు కట్టినప్పుడు మొదట ఎంతన్నారు, చివరికెంతయింది అని చూడ్డం. డెన్మార్కుకి చెందిన బెంట్ ఫ్లివ్‌బ్యార్గ్ అనే ఆచార్యుడు దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. సిడ్నీ ఒపేరా హౌస్‌ని 70 లక్షల డాలర్లన్నారు, 1973లో తెరిచేసరికి 10 కోట్ల 20 లక్షలు. అంత దూరమెందుకు, మన పోలవరం చూడండి. 2005-06 ధరల్లో 10,151 కోట్లు, 2017-18 ధరల్లో 55,548 కోట్లు. ధరలు పెరగడం, పునరావాసం అంచనా పెరగడం, కొత్త భూసేకరణ చట్టం, అన్నీ కారణాలే. కానీ ప్రతి ప్రాజెక్టుకీ ఏదో ఒక కారణం ఉంటున్నప్పుడు, కారణాలు ఉంటాయన్నదే అంచనాలో భాగం కావాలి.

సాఫ్ట్‌వేరులో మేము దీన్నే తలలు పగలగొట్టుకుని నేర్చుకున్నాం. బారీ బోయెమ్ 1981లోనే తన పుస్తకంలో చెప్పాడు, పని మొదట్లో వేసిన అంచనా నిజానికి నాలుగు రెట్లు తక్కువగానో ఎక్కువగానో ఉండొచ్చని, పని నడిచేకొద్దీ ఆ వెడల్పు సన్నబడుతుందని. కాబట్టి మొదటి రోజు చెప్పాల్సింది ఒక అంకె కాదు, రెండు అంకెలు. "ఇంత నుంచి ఇంత దాకా." హంద్రీ-నీవాకి మొదట ఇచ్చిన పాలనా అనుమతులు రెండు దశలకీ కలిపి 6,850 కోట్లు. ఇలాంటి అంకె పక్కన "ఇది ఇన్ని రెట్లు కావచ్చు, ఈ ఈ కారణాల వల్ల" అని రాసి ఉంటే అసెంబ్లీలో ప్రతిపక్షం నవ్వి ఉండేది. రాయనందువల్ల తర్వాత ఇరవై ఏళ్ళు మనం ఏడుస్తున్నాం.

మరి ఆ ప్రమాదాన్నంతా కాంట్రాక్టరు మీదికి నెట్టేస్తే పోలా? 2003-04 ప్రాంతంలో మన రాష్ట్రం సరిగ్గా ఆ పనే చేసింది. ఈపీసీ పద్ధతి. సర్వే, డిజైను, సామాను, కట్టుబడి అన్నీ ఒకడే చేస్తాడు, ఒకటే ధర, పెరిగితే వాడి తలనొప్పి. వినడానికి ఎంత హాయిగా ఉందో! మా వ్యాపారంలోనూ స్థిర ధర కాంట్రాక్టులంటే క్లయింట్లకి మహా ఇష్టం. సమస్య ఎక్కడొస్తుందంటే, సర్వే చెయ్యకముందే ధర ఖాయం చేస్తే ఆ ధరకి అర్థం లేదు. జలయజ్ఞం కింద 86 ప్రాజెక్టులు, 1.86 లక్షల కోట్ల విలువైన పనులు ఎత్తుకున్నారు. భూమి చేతికి రాకుండా, అడవుల అనుమతులు లేకుండా, సరైన పరిశోధన లేకుండా అన్ని ప్రాజెక్టులు ఒకేసారి మొదలెట్టారని కాగ్ తర్వాత తప్పుపట్టింది. భూమి ఇవ్వాల్సింది ప్రభుత్వం, ఇవ్వలేదు. అప్పుడు ఆలస్యం ఎవరిది? ధర పెరిగితే ఎవరిది? చివరికి 2015లో జీవో 22తో ధరల సర్దుబాటుకి దారి తెరవక తప్పలేదు. కొన్నిచోట్ల మిగిలిపోయిన పనుల్ని పాత కాంట్రాక్టర్ల దగ్గర్నుంచి తీసేసి మళ్ళీ టెండర్లు పిలిచారు. తన చేతిలో లేని ప్రమాదాన్ని ఎవరూ మొయ్యలేరు. మోస్తానని సంతకం పెట్టినవాడు కూడా మొయ్యడు.

ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, గీత ఎక్కడ గియ్యాలి? లెక్కలో ఏది లోపల, ఏది బయట?

2025లో కాలవకి కాంక్రీటు లైనింగు వేస్తుంటే అనంతపురం వైపు రైతులు వద్దని అడ్డం తిరిగారు. కాలవ నుంచి ఇంకే నీళ్ళతోనే తమ బోర్లు బతికాయని వాళ్ళ వాదన. కుప్పం వైపు నుంచి చూస్తే ఆ ఇంకుడు నష్టం, పుట్టపర్తి వైపు నుంచి చూస్తే అదే పంట. కాలవ చివర్లో నిలబడి లెక్క రాస్తే లైనింగు లాభం. కాలవ పక్కన పల్లెలన్నిటినీ కలిపి రాస్తే అంత లాభం కాకపోవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరి గీతలూ వేరు. ఎస్టిమేటు వేసిన కాగితంలో ఆ గీత ఎక్కడుందో రాసి ఉండదు, అదీ అసలు చిక్కు. పుంగనూరు దగ్గర ఆవులపల్లి రిజర్వాయరు కథ కూడా చూడండి. అనుమతుల మీద రైతులు ఫిర్యాదు చేస్తే, 2023 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని రద్దు చేసి 100 కోట్లు జరిమానా వేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మునిగే భూములు, అనుమతులకి పట్టే కాలం గీత బయట పెడితే, అవి తర్వాత కోర్టు గుమ్మం గుండా లోపలికొస్తాయి.

ఈ లెక్కలన్నీ మొన్న ఊరెళ్ళినప్పుడు మా మామకి చెప్పా. అంతా విని, "అబ్బోడా, నీ లెక్కలు బాగుండాయి గానీ, మూడు బోర్లేసి మూడూ ఎండబెట్టుకున్నోడికి వెయ్యి లీటర్లు పన్నెండు రూపాయలంటే ధర్మానికిచ్చినట్టే" అన్నాడు.

ఆ మాట పట్టుకుని బెంగుళూరు తిరిగొచ్చాక ఇంకో లెక్క వేశా. మా వైపు వెయ్యి అడుగుల బోర్లు వింత కాదు. వెయ్యి అడుగులంటే 300 మీటర్లు. అంత లోతు నుంచి బోరు మోటారుతో నీళ్ళు లాగితే, దాని సామర్థ్యం 50 శాతం అనుకుంటే, టీఎంసీకి 4.6 కోట్ల యూనిట్లు. శ్రీశైలం నుంచి తెచ్చేదానికి నేను కట్టింది 5.8 కోట్లు. చూశారా, రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి! అంటే మన కాళ్ళ కింద ఎప్పట్నుంచో ఇంకో ఎత్తిపోతల పథకం నడుస్తోంది. దానికి టెండరు లేదు, శంకుస్థాపన లేదు. బోరు వెయ్యడానికి అప్పు రైతుది, 2004 నుంచి ఉచిత కరెంటు కాబట్టి ఆ బిల్లు ప్రభుత్వానిది. ఎండిపోయిన బోర్ల ఖర్చు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు.

కాబట్టి హంద్రీ-నీవాని సున్నా ఖర్చుతో పోల్చడం తప్పు. పోల్చాల్సింది ఈ కనబడని పథకంతో. కాలవ నీళ్ళతో ఏటా చెరువులు నిండి, భూగర్భ మట్టం 300 మీటర్ల నుంచి 150కి వస్తే బోర్ల కరెంటు సగం మిగులుతుంది. ఆ మిగులు కాలవ ఖాతాలో జమ రాయాలి. ఇలా రాస్తే కాలవ నిలబడొచ్చు, నిలబడకపోనూవచ్చు. కానీ అది న్యాయమైన తూకం. అయితే ఒక షరతు. నీళ్ళు నిజంగా, ఏటా, చెరువులోకి రావాలి. జలహారతి రోజున వచ్చి తర్వాత రాకపోతే రెండు పథకాల ఖర్చూ మనమే మోస్తాం, ఒకటి పైన, ఒకటి కింద.

ఈ భయం ఊరికే కాదు. తెలంగాణలో కాళేశ్వరాన్ని చూడండి. 80,190 కోట్లన్నది 1,47,427 కోట్లు దాటొచ్చని కాగ్ లెక్కగట్టింది. రూపాయి పెడితే 1.51 రూపాయల లాభం అన్నదాన్ని 52 పైసలకి దించింది. అందులో పెద్ద భాగం కరెంటు బిల్లుది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు అందరూ కాంక్రీటు గురించి మాట్లాడారు. పిల్లరు కుంగితే కనీసం కనబడుతుంది, కరెంటు బిల్లు కింద ప్రాజెక్టు కుంగితే చప్పుడు కూడా రాదు. ఒక ఏడాది డిస్కంకి బకాయి పడతారు, ఇంకో ఏడాది "ఈసారికి మొదటి దశకే ఇద్దాం" అంటారు. అప్పుడు మొదట ఆగేది చివరి మెట్టు. అంటే మనం.

దానికి తోడు తల దగ్గర వాడుకునేవాళ్ళ సంగతి. 40 టీఎంసీలని 6.025 లక్షల ఎకరాలకి పంచితే ఎకరానికి సుమారు 1,880 ఘనమీటర్లు. వరికి కావాల్సింది 4,700. పైన ఎక్కడో ఒకాయన కాలవకి మోటారు పెట్టి ఎకరం వరి నాటితే, కింద రెండున్నర ఎకరాల వాటా పోయినట్టే. ఆయన దొంగ కాదు, నీళ్ళు కళ్ళ ముందు పారుతుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ డిజైను చేసినవాడు మనిషి ఇలాగే చేస్తాడని అనుకుని చెయ్యాలి. మేము ప్రోగ్రాము రాసేటప్పుడు వాడేవాడు తప్పు బటన్ నొక్కుతాడనే రాస్తాం.

ఇంతకీ ఏం చెయ్యమంటావు అంటారా? నాకు తోచినవి మూడు.

1. ఎన్ని కోట్ల పని జరిగిందన్న లెక్క ఒక్కటే కాకుండా, ప్రతి బ్రాంచి కాలవ చివర మీటరు పెట్టి, ఏడాదికి ఎన్ని నీళ్ళు వచ్చాయి, ఎన్ని రోజులు వచ్చాయి, వెయ్యి లీటర్లకి ఎంతయింది అన్నది ఊరి పంచాయితీ గోడ మీద రాయాలి. పరీక్ష ఎప్పుడూ చివరి మెట్టు దగ్గరే పెట్టాలి. మాల్యాల దగ్గర పంపు తిరిగితే ప్రాజెక్టు పనిచేసినట్టు కాదు.

2. కొత్త పనికి అనుమతి ఇచ్చే ప్రతి కాగితం మీదా ఒక అంకె బదులు రెండు అంకెలు, వాటి కింద ఏయే ఊహల మీద వేశారో రాయాలి. వరద ఎన్ని రోజులు, యూనిట్ ధరెంత, దారిలో పోయేదెంత, గీత ఎక్కడ గీశారు. ఊహ తప్పయితే తప్పని చెప్పుకోవచ్చు, సిగ్గుపడాల్సిందేం లేదు. రాయని ఊహకే జవాబుదారీ ఉండదు.

3. కట్టుబడికి డబ్బిచ్చిన రోజే, నడపడానికి అయ్యే డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందో తేల్చాలి. తాగునీళ్ళ వాటాకి మొదటి హక్కు, దాని కరెంటుకి విడిగా నిధి. మిగతా నీళ్ళు వరికి కాదు అని ముందే, ఓట్ల ముందే, చెప్పాలి. ఇది చెప్పడమే అన్నిటికంటే కష్టమని నాకూ తెలుసు.

ఇవి చేస్తే కాలవ ఖరీదు తగ్గదు. కానీ ఎంత ఖరీదైందో, దానికి బదులు ఏం వచ్చిందో తెలుస్తుంది. ఖరీదైన వస్తువు కొనడం తప్పేమీ కాదు, మూడు తరాలుగా నీళ్ళు కొనుక్కుని బతుకుతున్న నేలకి అది అవసరం కూడా. ఎంతకి కొన్నామో తెలియకుండా కొనడమే తప్పు.

నా అంకెల్లో ఊహలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే చెప్పాను. ఇరిగేషన్‌లోనో ట్రాన్స్‌కోలోనో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఆ 30 శాతం నష్టం, 6 రూపాయల ధర, 75 శాతం సామర్థ్యం, ఈ మూడింటిలో ఏది ఎంత సరైనదో చెప్పండి. లెక్క మళ్ళీ వేద్దాం. మా మామ మాత్రం ఇంకో ప్రశ్న అడిగాడు, దానికి నా దగ్గర సూత్రం ఏమీ లేదు: "వచ్చే సంవత్సరం కూడా వస్తాయంటావా అబ్బోడా?"